అప్‌డేట్: తొమ్మిదో నెలలో మా ఆవిడకు ఏం వండాలని అడిగాను కదా

పోయిన నెల ఇక్కడ ఆ ప్రశ్న అడిగింది నేనే. మా ఆవిడకు హిమోగ్లోబిన్ 9.8 ఉంది, నాలుగు ముద్దలు తినగానే గుండెల్లో మంట. అత్తగారు రాలేని పరిస్థితి. నరసన్నపేటలో ఇంటి వంటంతా నాదే. మొన్నటి పరీక్షలో 10.6 వచ్చింది. 11 దాటాలన్నారు డాక్టరమ్మ, అయినా నాకు సగం టెన్షన్ తగ్గింది.

అన్నిటికంటే బాగా పనిచేసింది కొద్దికొద్దిగా ఐదారుసార్లు పెట్టడం. రాత్రి భోజనం ఏడింటికే అయిపోతోంది, తిన్న వెంటనే పడుకోనివ్వడం లేదు. మంట చాలా తగ్గింది.

పొద్దున్న చోడి (రాగి) అంబలి. మధ్యాహ్నం ములగాకు పప్పు గానీ తోటకూర గానీ, పైన నిమ్మకాయ పిండుతున్నాను. ఆకుకూరలోని ఐరన్ ఒంటికి పట్టడానికి సి విటమిన్ తోడు కావాలి. భోజనం కాగానే టీ వద్దని నా ప్రశ్నకు జవాబుగా ఒక అక్క రాశారు, ఆ మాట నిజంగా బంగారం. టీ ఆ ఐరన్‌ను పట్టనివ్వదట, డాక్టరమ్మా అదే అన్నారు. ఐరన్ మాత్ర, కాల్షియం మాత్ర కూడా వేర్వేరు పూటల్లో ఇస్తున్నాను.

నువ్వులు వేడి అని పక్కింటి మామ్మ ఒప్పుకోలేదు. కొంచెం తినొచ్చని డాక్టరమ్మ చెప్పినా, పెద్దావిడ మనసు నొప్పించడం ఎందుకని పలాస జీడిపప్పు కలిపి వేరుశనగ ఉండలు చేశాను. అవి డబ్బాలో నిలవడం లేదు!

బాలింతకు పెట్టే కాయానికి శొంఠి, పిప్పళ్లు, బెల్లం తెచ్చి ఉంచాను. కాన్పయ్యాక ఎప్పటినుంచి పెట్టాలో డాక్టరమ్మను అడిగాకే మొదలుపెడతాను. ఈలోగా మా ఆవిడ పనసపొట్టు కూర అడుగుతోంది. ఆదివారం కారం తగ్గించి చేస్తాను.