లాక్స్‌టన్‌లో కంచెలు లేని పొలాలు: కాపాడాలా, రైతుల ఇష్టానికి వదిలేయాలా?

నాగలిచాలు:
ఇంగ్లండ్‌లో నాటింగ్‌హామ్‌షైర్‌లో లాక్స్‌టన్ అనే చిన్న ఊరుంది. ఊరి చుట్టూ వెస్ట్ ఫీల్డ్, సౌత్ ఫీల్డ్, మిల్ ఫీల్డ్ అని మూడు పెద్ద పొలాలు. లోపల కంచెలు ఉండవు. రైతుల భూమి చెక్కలు ఒకచోట కాకుండా ఈ పొలాల్లో చెదిరి ఉంటాయి. ఒక పొలంలో చలికాలపు గోధుమ, ఇంకోదాంట్లో వసంతంలో విత్తే పంట, మూడోది బీడు లేదా గడ్డి. ఏటా ఇవి మారుతూ వస్తాయి. మధ్యయుగం నాటి పద్ధతి ఇది. దీన్ని ఇలాగే కాపాడాలంటారా?

కౌలుబిడ్డ:
వద్దండీ. ట్రాక్టర్ తిప్పడానికే ఇబ్బందిగా ఉండే చెక్కల్లో ఈ రోజుల్లో ఎవరికి గిట్టుబాటు అవుతుంది? ఏ పొలంలో ఎప్పుడు ఏం వేయాలో కూడా రైతు ఒక్కడే నిర్ణయించుకోలేడు. టూరిస్టులు ఫొటోలు తీసుకుని వెళ్లిపోతారు, కౌలు కట్టేది మాత్రం ఆయనే. కాపాడాలని గట్టిగా అడిగేవాళ్లలో ఎంతమంది అక్కడ దున్నుతున్నారు?

ట్రెంట్_ఒడ్డున:
కౌలుబిడ్డ గారూ, మీరు చెప్పిన ఇబ్బంది నిజమే. కానీ అక్కడ చూడాల్సింది చెక్కలు కాదు, కోర్టు. నవంబర్ చివర్లో రైతుల జ్యూరీ గోధుమ విత్తిన పొలం మొత్తం నడిచి చూస్తుంది. ఎవరైనా దారిలోకో, పక్కనున్న గడ్డి నేలలోకో దున్నుకొచ్చారా అని పరిశీలించి హద్దులకు మేకులు దిగ్గొడుతుంది. వారం తర్వాత ఊళ్లోని డవ్‌కోట్ ఇన్ అనే పబ్‌లో కోర్ట్ లీట్, అంటే మధ్యయుగం నుంచి వస్తున్న ఊరి కోర్టు, కూర్చుంటుంది. తప్పు చేసినవాళ్లకు జరిమానా వేసి, వచ్చే ఏటి జ్యూరీతో ప్రమాణం చేయిస్తుంది. జరిమానా చిన్నదే, కానీ వేసేది సాటి రైతులు. మన దగ్గర గట్టు జరిపితే ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరుగుతాం కదా, ఆ టెన్షన్ అక్కడ ఇలా తీరుతోంది. 1635లో మార్క్ పియర్స్ గీసిన పటంలో ఊరి చెక్కలన్నీ ఉన్నాయి, అంత పాత లెక్క ఇది. 1604 నుంచి 1914 వరకు 5,200కు పైగా చట్టాలతో ఇంగ్లండ్‌లో సుమారు 68 లక్షల ఎకరాల ఉమ్మడి, కంచెలు లేని నేలకు కంచెలు పడి, అది విడివిడి సొంత భూములైంది. ఉమ్మడి నేల మీద బతికిన పేదలు చాలామంది ఆ హక్కులు పోగొట్టుకున్నారు. అంత జరిగాక మిగిలిన అతి కొద్ది ఊళ్లలో ఒకదాన్ని లాభం లెక్క చూసి వదులుకోవడం నాకు అన్యాయంగా అనిపిస్తోంది.

నాగలిచాలు:
మరి ఆ నేల ఎవరిదండీ?

ట్రెంట్_ఒడ్డున:
అసలు భయం అక్కడే. 1952లో అక్కడి భూస్వామి ఎర్ల్ మాన్వర్స్ నుంచి ప్రభుత్వ వ్యవసాయ శాఖ కొన్నది. 1981లో రాజరికపు ఆస్తులు చూసుకునే క్రౌన్ ఎస్టేట్ అనే సంస్థకు అమ్మారు. క్రౌన్ ఎస్టేట్ 2020లో దాన్ని మళ్లీ మాన్వర్స్ వారసుల థోర్స్‌బీ ఎస్టేట్‌కే అమ్మింది. హద్దులు చూసుకునేది రైతులే అయినా, ఊరు ఎవరి చేతికి పోవాలో తేల్చేది వాళ్లు కాదు. ఇంకోసారి అమ్మకానికి వస్తే ముందు జ్యూరీ సమ్మతి తీసుకోవాలనే నిబంధన ఉండాలి.

కౌలుబిడ్డ:
దానికి నేనూ ఒప్పుకుంటాను. అయితే కౌలు తగ్గించి, యంత్రాల ఇబ్బందికి పరిహారం కూడా ఇవ్వాలి. దేశానికంతటికీ కావాల్సిన పద్ధతి అయితే దాని ఖర్చు కొద్దిమంది రైతుల మీద ఎందుకు వేస్తారు?