ఉదయసముద్రం చెరువు ఎంటరోకాకస్ బ్యాక్టీరియా: 16ఎస్ జన్యువు 99.2 శాతం కలిస్తే కొత్త జాతి కానట్టేనా?

పానగల్_నీరు: చెరువు నీళ్లు 100 మి.లీ. 0.45 మైక్రాన్ మెంబ్రేన్‌లో వడకట్టి, స్లానెట్జ్-బార్ట్లీ (ఎంటరోకాకస్‌ను పెంచే మీడియం) మీద 36 డిగ్రీల్లో 44 గంటలు పెట్టినం. మెరూన్ కాలనీలొచ్చినయ్, నిర్ధారణ మీడియం బైల్ ఎస్క్యులిన్ మీద నల్లబడ్డయ్. వాటిల్ల ఒకదానికి టీఎస్ఏ (మామూలు పోషక అగార్) మీద పసుపు రంగుంది. మాల్డి (ప్రొటీన్ల తీరును బట్టి బ్యాక్టీరియాను గుర్తుపట్టే యంత్రం) స్కోరు 1.8 దాటలేదు. 16ఎస్ మాత్రం ముండ్టై అనే జాతితో 99.2 శాతం కలిసింది. వదిలెయ్యాల్నా?

మూసీ_ఒడ్డు: వదలకండి. ఈ ప్రజాతిలో 16ఎస్‌ను నమ్ముకుంటే లాభం లేదు. ఫీసియం, డ్యూరాన్స్, హైరే, ముండ్టై నాలుగూ వేర్వేరు జాతులే, అయినా వాటి 16ఎస్ 99 శాతం అటూఇటూగా కలుస్తుంది. 98.7 కంటే తగ్గితే కొత్తదన్న అనుమానం బలపడుతుంది, అంతే. ఎక్కువొచ్చినంత మాత్రాన పాతదని కాదు. మాల్డి 1.8 అంటే ప్రజాతి వరకే నమ్మొచ్చు; ఆ జాతి డేటాబేస్‌లో లేకపోయినా అట్లాగే వస్తుంది. ముందు జాతుల్ని ఇంకా బాగా విడదీసే ఫీఎస్, ఆర్పీఓఏ జన్యువులు చదివించండి. అంతకన్నా ముందు కాలనీ శుద్ధమో కాదో చూడండి. మెంబ్రేన్ మీద ఒక్క చుక్కలో రెండు రకాలుంటాయి. టీఎస్ఏ మీద మూడుసార్లు స్ట్రీక్ చేయండి (గీతలుగా పూసి విడి కాలనీ తీయండి). క్రోమటోగ్రామ్‌లో (సీక్వెన్సింగ్ గ్రాఫ్‌లో) జంట శిఖరాలుంటే ఆ సీక్వెన్స్ పనికిరాదు.

పాలమూరు_మైక్రో: పసుపు చూడంగనే ముండ్టై అనొద్దన్నా. కాసెలిఫ్లావస్‌ది కూడా పసుపే, కాకపోతే అది కదుల్తది. మోటిలిటీ మీడియం 37లో కాదు, 30లో పెట్టుండ్రి. రంగు అనుమానముంటే దూది పుల్లతో కాలనీని తుడిచి చూడాలె, తెల్ల దూది మీద దాగదు. ఇంకోటి, కెటలేస్ పరీక్ష (హైడ్రోజన్ పెరాక్సైడ్ చుక్కేస్తే నురగొస్తదా అని చూసేది) బ్లడ్ అగార్ మీది కాలనీతోని చెయ్యొద్దు. ఎర్ర రక్తకణాలే బుసబుస నురగనిస్తయ్.

వాడపల్లి_ల్యాబ్: మూసీ నీళ్లకు 100 మి.లీ. పోస్తే కాలనీలు కలిసిపోతాయి. 10, 1, 0.1 మి.లీ. మూడూ పెట్టాలి. వానాకాలం బురద నీటికి మెంబ్రేన్ మూసుకుపోతుంది, నీళ్లను రెండు మూడు మెంబ్రేన్లకు పంచండి. మన ఎండల్లో సీసా ఐస్ పెట్టెలో లేకుంటే లెక్క పనికిరాదు, ఆరు గంటల్లోపు వడకట్టాలి. కాలనీలకు మెరూన్ రంగిచ్చే టీటీసీని మీడియంతో పాటు ఆటోక్లేవ్ చేయొద్దు. 1% ద్రావణం ఫిల్టర్ చేసి, చల్లారిన లీటరు మీడియానికి 10 మి.లీ. కలపండి.

పానగల్_నీరు: ఫీఎస్ కూడా ఏ జాతితోనూ సరిపోకపోతే?

మూసీ_ఒడ్డు: అప్పుడు పూర్తి జీనోమ్. టీవైజీఎస్ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా పోల్చుకోవచ్చు. దగ్గరి టైప్ స్ట్రెయిన్లతో (జాతి పేరుకు ఆధారమైన అసలు నమూనాలతో) జీనోమ్ పోలిక కొలతలు ఏఎన్ఐ 95-96 శాతం కంటే, డీడీహెచ్ 70 శాతం కంటే తక్కువ రావాలి. నీళ్ల నుంచి వచ్చిన జాతులన్నీ జాబితాలో పెట్టుకోండి, ఉదాహరణకు: మొరావియెన్సిస్, హీమోపెరాక్సిడస్ (2001), రివోరం (2012), యూరెయిలిటికస్, రోటై (2013). టైప్ స్ట్రెయిన్లు తెప్పించి, ఒకే రోజు ఒకే బ్యాచ్ మీడియాలో జీవరసాయన పరీక్షలు పక్కపక్కన చేయాలి. ఇక్కడే చాలామంది తొందరపడతారు, రివ్యూయర్ అక్కడే పట్టుకుంటాడు.

పాలమూరు_మైక్రో: కొత్త జాతి పేరు చెల్లాలంటే ఆ స్ట్రెయిన్‌ను రెండు వేర్వేరు దేశాల కల్చర్ కలెక్షన్లలో పెట్టాలె. ఒకటి చండీగఢ్ ఎంటీసీసీలనో, పుణె ఎన్‌సీఎంఆర్‌ (పాత పేరు ఎంసీసీ)లనో. బయటి దేశానికి పంపే ముందు జాతీయ జీవవైవిధ్య సంస్థ నిబంధనలు చూసుకోవాలె, అనుమతికి టైం పడ్తది. గందుకే ఇప్పుడే 20% గ్లిజరాల్‌ల పది వయల్స్ చేసి మైనస్ 80ల పెట్టుండ్రి, సగం వేరే ఫ్రీజర్‌ల. మన కరెంటు సంగతి తెలిసిందే.