నల్ల కారు మీద సాలెగూడు గీతలు, వ్యాక్స్‌తో పోతాయా?

ప్రశ్న: మూడేళ్ల నల్ల కారండీ. రోజూ పొద్దున్నే తడిగుడ్డతో తుడుస్తాను, ఆదివారం గిన్నెలు తోమే లిక్విడ్‌తో కడుగుతాను. ఇంత చేసినా ఎండలో చూస్తే బానెట్ నిండా సాలెగూడులా సన్నటి గీతలు. వ్యాక్స్ పూస్తే పోతాయా?

జవాబు: ఇంత చేసినా కాదండీ, ఇంత చేయడం వల్లే! రాత్రి పడిన దుమ్ములో సన్నటి ఇసుక ఉంటుంది. తడిగుడ్డతో లాగితే ఆ ఇసుకతో కారుని తోమినట్టే. రంగుని కాపాడే క్లియర్ కోట్ మందం 50 మైక్రాన్లకి అటూ ఇటూ, అంటే మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు.

ముందు నీళ్లు కొట్టి దుమ్ముని జారిపోనివ్వండి. తర్వాత రెండు బకెట్లు పెట్టుకోండి, ఒకదాంట్లో కారు షాంపూ, రెండోదాంట్లో ఉత్త నీళ్లు. ఒక్కో డోర్ అవ్వగానే మైక్రోఫైబర్ గ్లవ్‌ని ఉత్త నీళ్లలో జాడించాకే మళ్లీ షాంపూలో ముంచాలి. అంతా అయ్యాక ఆ నీళ్ల బకెట్ అడుగున చెయ్యి పెట్టి చూడండి, గరగరలాడుతుంది. ఇన్నాళ్లూ మీ బానెట్ మీద తిరిగింది అదే. పైకప్పు నుంచి కిందికి రండి, చక్రాలకి వేరే గుడ్డ. గిన్నెల లిక్విడ్ మానేయండి, జిడ్డుతో పాటు వ్యాక్స్‌నీ ఊడ్చుకుపోతుంది.

ప్రశ్న: సరే, ఇప్పుడున్న గీతల సంగతి?

జవాబు: గీతకి అడ్డంగా వేలిగోరు లాగండి. గోరు గీతలో ఆగకుండా జారిపోతే పైపైదే, పాలిష్‌తో పోతుంది. వ్యాక్స్ వేరు, పాలిష్ వేరు. పాలిష్ క్లియర్ కోట్‌ని కాస్త అరగదీస్తుంది కాబట్టి మాటిమాటికీ వద్దు. వ్యాక్స్ పైన వేసే పూత, గీతని కొంచెం కప్పుతుందేగానీ తీసేయదు.

మరొకరు: వ్యాక్స్ నీడలో, బానెట్ చల్లబడ్డాకే పూయండి. పలచగా చాలు. నేను మొదటిసారి వెన్నలా పట్టించాను, తుడవలేక చేతులు పడిపోయాయి. నల్ల ప్లాస్టిక్‌కి అంటితే తెల్లమరక కడుతుంది, నేనైతే పాత టూత్‌బ్రష్‌తో గంటసేపు గీకాను. కడిగిన కారు మీద నీళ్లు ముత్యాల్లా నిలవడం మానేసి పరుచుకుంటుంటే మళ్లీ పూయాలని లెక్క. పిట్టరెట్ట మాత్రం ఎండనివ్వకండి, తడిగుడ్డ కప్పి నానబెట్టి తీయండి.

ప్రశ్న: గోరు పెట్టి చూశాను. బానెట్ మీద ఎక్కడా తట్టుకోలేదు. డోర్ హ్యాండిల్ వెనక మాత్రం ఒకటి తట్టుకుంది.

జవాబు: అది ఉంగరం గీత అయ్యుంటుంది. దాన్ని పాలిష్‌తో రుద్దకండి. అడుగున తెల్లగా ప్రైమర్, అంటే రంగు కింద వేసే పూత, కనిపిస్తుంటే, మీ కారు కలర్ కోడ్ చూసి టచప్ పెయింట్ తెచ్చుకోండి.