గ్రెయిన్లు పెంచాలా, వేగం కాపాడుకోవాలా? మామూలు విల్లుతో బాణం లోతుగా దిగాలంటే ఏది ముఖ్యం?

అలిపిరి_రీకర్వ్ (తిరుపతి)
మా బావ డల్లాస్‌లో ఉంటాడు. టెక్సాస్‌లో అడవి పందుల వేటకు సీజన్ అంటూ లేదు. అందుకని తీరిక దొరికితే చాలు, 45 పౌండ్ల లాగుడు బలమున్న రీకర్వ్ (కొసలు ముందుకి వంగిన విల్లు) పట్టుకుని బయల్దేరతాడు. పుల్లీలు, సైట్లు ఏమీ లేని ఉత్త విల్లు. ఈ మధ్య బాణాలన్నీ మార్చేశాడు. ఇంతకుముందు 400 గ్రెయిన్ల బాణం, ఇప్పుడు 600 (గ్రెయిన్ అంటే బాణాల తూకం, పదిహేను కలిస్తే ఇంచుమించు ఒక గ్రాము). షాఫ్ట్, అంటే బాణం కర్ర మాత్రం అదే, 29 అంగుళాల కార్బన్. ముందున్న 125 గ్రెయిన్ల ములికి తీసేసి 250ది పెట్టాడు. లోపల ములికిని బిగించే అల్యూమినియం ఇన్సర్ట్ బదులు 100 గ్రెయిన్ల ఇత్తడిది. "ఇక ఎముక అడ్డొచ్చినా ఆగదు" అంటాడు.

నేను ఇక్కడ టార్గెట్‌కి వేసేవాణ్ణి. మాకు మొదటి నుంచి నేర్పింది తేలిక బాణం, వేగం, దారిలో తక్కువ వంపు. నమ్మకం కుదరక రెండు రకాలూ కట్టి మా ఫోమ్ బట్‌కి (గురి దిమ్మెకి) వేసి చూశాను. ఇంచుమించు ఒకే లోతు దిగాయి. ఫోటో పంపితే "ఫోమ్ పంది కాదురా" అని నవ్వాడు. మీరేమంటారు? ఈ బరువు నిజంగా లోతు ఇస్తుందా, లేక యూట్యూబ్ మోజా?

కాళహస్తి_కుర్రోడు
మోజే అన్నా. బరువు పెరిగితే వేగం పడిపోతుంది, వేగం పడితే బాణం నేల చూపులు చూస్తుంది. ఎనర్జీ సూత్రంలో వేగానికి వర్గం ఉంది, బరువుకి లేదు. ఏది పెంచుకోవాలో టెన్త్ పిల్లాణ్ణి అడిగినా చెప్తాడు. పైగా నిదానంగా వచ్చే బాణమైతే, జంతువు అల్లెతాడు చప్పుడు విని కిందికి కుంగిపోతుంది. మన జ్యోతి సురేఖ హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడు బంగారాలు కొట్టింది ఇత్తడి ఇన్సర్ట్లు దిగ్గొట్టుకునా? మా ఊరి తిన్నడి సంగతి సరేసరి!

పుత్తూరు_మాస్టారు
వర్గం ఉంది నాయనా, కాదనను. కానీ ఆ వేగం ఎక్కడి నుంచి వస్తోంది? విల్లు ఇస్తేనే కదా. అలిపిరి అబ్బాయీ, మీ బావని రెండు బాణాల వేగం అడిగి చెప్పు, లెక్క వేద్దాం.

అలిపిరి_రీకర్వ్
అడిగాను మాస్టారూ. క్రోనోగ్రాఫ్‌లో 400ది సెకనుకు 178 అడుగులు, 600ది 150.

పుత్తూరు_మాస్టారు
బాగుంది. ఎనర్జీ చూడండి: తేలిక బాణానికి సుమారు 28 ఫుట్‌పౌండ్లు, బరువుదానికి 30. వేగం తగ్గినా ఎనర్జీ తగ్గలేదు, కాస్త పెరిగింది. ఎందుకంటే లాగినప్పుడు వింట్లో దాగిన శక్తి రెండిటికీ ఒకటే. బాణం తేలికైతే అందులో ఎక్కువ భాగం లింబ్స్ (వింటి చేతులు) కదలికలో, తాడు అదురులో, ఆ "టప్"మనే చప్పుడులో పోతుంది. బరువు బాణం దాన్ని తనతో పట్టుకెళ్తుంది. బరువు బాణం వేస్తే విల్లు మెత్తగా పలుకుతుందని పాతవాళ్ళు అనేది అందుకే.

ఇక మొమెంటం, అంటే బరువు ఇంటూ వేగం. అందులో తేడా 26 శాతం. ఎనర్జీలో ఆరేడు శాతం, మొమెంటంలో 26. వీటిలో లోతుని నిర్ణయించేది ఏదన్నదే అసలు తగాదా. దానికి జవాబు ఎదుటి పదార్థంలో ఉంది. వేగంతో సంబంధం లేకుండా ఒకే బలంతో పట్టుకునే పదార్థమైతే లోతు ఎనర్జీని బట్టి ఉంటుంది. ఫోమ్ ఇంచుమించు అలాంటిది, షాఫ్ట్‌ని పక్కల నుంచి బిగబట్టి ఆపుతుంది. అందుకే అబ్బాయికి రెండూ ఒకే లోతు కనిపించాయి. ఆ పరీక్ష తప్పేమీ కాదు, ఫోమ్ గురించి నిజమే చెప్పింది. తడిగా, మెత్తగా ఉండే కండలో అడ్డగింపు వేగంతో పాటు పెరుగుతుంది. బిందెలో నీళ్ళని చేత్తో మెల్లగా కదిపి, తర్వాత జోరుగా కదిపి చూడండి, తెలుస్తుంది. అక్కడ నిదానంగా వెళ్ళే బరువు బాణానిదే పైచేయి. అసలు శరీరం ఈ రెండిటికీ మధ్యలో ఎక్కడో ఉంటుంది.

పలమనేరు_తోట
మాస్టారూ, లెక్కలు బాగున్నాయి గానీ, మా టమాటా చేలో రాత్రికి రాత్రి పందులు పడి దున్నేస్తున్నాయి. 45 పౌండ్ల విల్లు సరిపోతుందా?

మోడరేటర్
సరిపోతుందా లేదా అన్న మాటే ఇక్కడ వద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తొమ్మిదో సెక్షన్ ప్రకారం వేట నేరం. తుపాకీ అయినా విల్లయినా ఉచ్చయినా ఒకటే. మీరు కౌండిన్య అభయారణ్యం పక్కన ఉన్నారు, ఇంకా జాగ్రత్త. పంట పోతే అటవీ శాఖ వాళ్ళకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. పదకొండో సెక్షన్ కింద అనుమతి ఇచ్చే అధికారం చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌ది. ఈ థ్రెడ్ వేట చట్టబద్ధమైన చోట్ల గురించి మాత్రమే.

డల్లాస్_బావ
మా బావమరిది నా పరువు ఇక్కడ పెట్టాడని తెలిసి వచ్చాను. మగ పందికి భుజాల మీద డొప్పలాంటి మందపాటి పొర ఉంటుంది, ముదిరేకొద్దీ గట్టిపడుతుంది. నా 400 గ్రెయిన్ల బాణం దానిలో సగం దిగి ఆగింది. పంది గాయంతో పొదల్లోకి పోయింది, రాత్రంతా వెతికినా దొరకలేదు. అది మళ్ళీ జరగకూడదనే ఈ మార్పు.

ఎడ్ ఆష్బీ అనే ఆయన ఆఫ్రికాలోనూ ఆస్ట్రేలియాలోనూ ఏళ్ళ తరబడి నిజమైన జంతువుల మీద బాణాలు పరీక్షించాడు. పెద్ద ఎముక దాటాలంటే 650 గ్రెయిన్ల దరిదాపుల్లో ఒక కనీస హద్దు ఉందని ఆయన లెక్క. బ్యాలెన్స్ ముందుకి జరగడం, అంటే ఎఫ్‌ఓసీ పెరగడం కూడా లోతు పెంచుతుందన్నాడు. నాది ఇప్పుడు 27 శాతం!

కాళహస్తి_కుర్రోడు
డల్లాస్ అన్నా, ఆయన వేసింది ఆస్ట్రేలియా దున్నపోతుల మీద. నువ్వు వేసేది పందికి. దున్న లెక్క పందికి ఎందుకు? భుజం వదిలేసి వెనక ఊపిరితిత్తులకి వెయ్యి, 400 చాలు. వంపు సంగతి ఎవరూ మాట్లాడరేం? 600ది ఇరవై గజాలకే ఎంత కిందికి పడుతుందో చెప్పండి మాస్టారూ. విరిగిన ఎముకలకి ఊరూరి నుంచి మీ పుత్తూరుకే వస్తారు, ఎముక విరగ్గొట్టే బాణం గురించి కూడా మీరే చెప్పాలి.

పుత్తూరు_మాస్టారు
ఇరవై గజాలకు 600ది తొమ్మిది అంగుళాలు ఎక్కువ పడుతుంది. భయపడేంత అంకెలా ఉంటుంది గానీ, రోజూ ఆ బాణమే వేసేవాడి కన్ను దానికి అలవాటు పడిపోతుంది. అడగాల్సింది వేరే: దూరం అంచనా తప్పితే ఏమవుతుంది? ఇరవై అనుకుని వేశావు, పంది ఇరవై మూడు గజాల్లో ఉంది. తేలికది నాలుగంగుళాల లోపు కిందికి తగులుతుంది, బరువుది అయిదు దాటి. తేడా అంగుళంన్నర. ముప్పై గజాలు దాటితే నీ మాటే నిజం, అందుకే టార్గెట్ వాళ్ళు తేలిక బాణమే వాడతారు. సురేఖ కొట్టింది కాంపౌండ్‌తో, అంటే పుల్లీల విల్లుతో, 50 మీటర్ల దూరంలోని కాగితాన్ని. కాగితంలో లోతు ఎవరికి కావాలి?

చప్పుడు విని కుంగడం కూడా అంతే. శబ్దం ఇరవై గజాలు పోవడానికి సెకనులో ఇరవయ్యో వంతు చాలు. బాణాలకి పట్టేది ఒకదానికి 0.34 సెకను, ఇంకోదానికి 0.40. జంతువుకి రెండిట్లోనూ కావలసినంత వ్యవధి ఉంది. చప్పుడు తక్కువ చేసే బాణమే నయమేమో ఆలోచించు.

చిత్తూరు_కార్బన్
మాస్టారి లెక్కకి దండం. కానీ బావగారు ఆష్బీ పేరు చెప్పి సగమే చెప్పారు. ఆయన జాబితాలో మొదటిది బాణం వంగకుండా, ములికి మడత పడకుండా నిలవడం. రెండోది తిన్నగా ఎగరడం. ఎఫ్‌ఓసీ ఆ తర్వాత, మొత్తం బరువు ఇంకా కింద. జనం కింద ఉన్నదాన్ని పైకి ఎత్తుకున్నారు, ఎందుకంటే ఇత్తడి ఇన్సర్ట్ కొనడం తేలిక, ట్యూనింగ్ కష్టం.

ఎఫ్‌ఓసీ అంటే ఏమిటో తెలియనివాళ్ళకి: బాణాన్ని స్కేలు అంచు మీద ఆనించి సమతూకం వచ్చిన చోట గుర్తు పెట్టండి. నాక్ (వెనక తాడు పట్టే ముక్క) గాడి నుంచి అక్కడికి ఉన్న దూరంలోంచి సగం పొడవు తీసేసి, మొత్తం పొడవుతో భాగించండి. బావ పాత బాణం 29 అంగుళాల్లో 18.8 దగ్గర తూగుతుంది, 15 శాతం. కొత్తది 22.3 దగ్గర, 27 శాతం. దీంతో మొమెంటం రవ్వంత కూడా పెరగదు, పోయేది తగ్గుతుంది అంతే. ములికి ఎముకకి తగలగానే వెనక బరువు ముందుకి నెట్టి షాఫ్ట్‌ని వంచుతుంది. వెనక బరువు తక్కువైతే ఆ వంపు తక్కువ, వంపు తక్కువైతే రాపిడి తక్కువ. అదే దాని లాభం.

దాని ఖరీదు ఎవరూ చెప్పరు. ముందు 200 గ్రెయిన్లు ఎక్కించి అదే షాఫ్ట్ ఉంచితే, వదిలిన క్షణంలో ఆ షాఫ్ట్ మునుపటికన్నా ఎక్కువ వంగుతుంది. స్పైన్, అంటే షాఫ్ట్ బిగుతు, చాలదు. పాము నడకతో పోయే బాణం పక్కవాటుగా తగులుతుంది. అప్పుడు 600 గ్రెయిన్లు కాదు, 900 ఉన్నా దండగ. ములికి కూడా రెండు బ్లేడ్లదా, మూడు బ్లేడ్లదా, అంచు వెంట్రుకలు గొరిగేంత పదునుందా అన్నది బావగారు చెప్పనే లేదు. ఈకలు పాము నడకని సరిదిద్ది దాచేస్తాయి. బావగారూ, ఈకల్లేని బాణం (బేర్ షాఫ్ట్) ఎప్పుడైనా వేసి చూశారా?

డల్లాస్_బావ
ములికి రెండు బ్లేడ్లదే, సన్నగా పొడవుగా ఉంటుంది, పదును పెట్టాను. ఈకల్లేనిది ఇప్పుడే వేసి వచ్చాను, పదిహేను గజాల్లో. నాది కుడిచేతి వాటం. ఈకలున్నవి గుంపుగా పడ్డాయి, బేర్ షాఫ్ట్ వాటికి జానెడు కుడికి పోయింది, తోక పక్కకి తిరిగి దిగింది.

కాళహస్తి_కుర్రోడు
చూశారా! పాతవే నయం. కనీసం 500 దగ్గర ఆగు అన్నా.

చిత్తూరు_కార్బన్
500 మంచి మధ్యస్థం, దాన్ని తీసిపారేయను. కానీ కుర్రోడా, 600ది పనికిరాదని ఇక్కడ తేలలేదు. ఆ షాఫ్ట్‌కి ఆ బరువు సరిపోలేదని తేలింది. కుడికి పోయిందంటే స్పైన్ బలహీనం. బావగారూ, షాఫ్ట్ కోసి చూడండి, పొట్టి అయ్యేకొద్దీ బిగుస్తుంది. ముందు వైపు ముట్టుకోకండి, ఇన్సర్ట్ ఎపాక్సీతో అతికించి ఉంటే ఊడదీయలేరు. బేర్ షాఫ్ట్‌కి ఈకలు లేవు కాబట్టి నాక్ లాగేసి వెనక నుంచి పావు అంగుళం చొప్పున కోయండి, ప్రతిసారీ వేసి చూడండి. మీ లాగుడుకి ఎంత పొడవు కావాలో ముందే గుర్తు పెట్టుకోండి, అంతకన్నా తగ్గితే ములికి చేతి మీదికి వస్తుంది. ఆ గీత దాకా వచ్చినా కుడికే పోతుంటే ఒక నంబరు గట్టి షాఫ్ట్ తెప్పించుకోండి. ఫోమ్‌కి వేసేటప్పుడు మాత్రం ఫీల్డ్ పాయింటే (బ్లేడ్లు లేని ములికి) వాడండి, బ్రాడ్‌హెడ్ (బ్లేడ్ల ములికి) వేస్తే బట్‌తో పాటు వేళ్ళు కూడా తెగుతాయి.