32 చుట్లు తిరక్కపోతే గొప్ప డాన్సర్ కాదా? బ్యాలే పోటీల మీద చర్చ

పెన్నాగట్టు (నెల్లూరు)

పోయిన వారం ఇక్కడ ఒకరు అమెరికా బ్యాలే నర్తకి మిస్టీ కోప్లాండ్ పాత వీడియో పెట్టారు. 2018లో అమెరికన్ బ్యాలే థియేటర్ సింగపూర్‌లో స్వాన్ లేక్ అనే బ్యాలే ఆడినప్పటిది. అందులో నల్లహంస ఒడీల్ ఒంటికాలి మీద వరసగా 32 చుట్లు (ఫ్వెటేలు) తిరగాలి. ఆమె కొన్ని తిరిగి, మిగతా సంగీతానికి వేరే రకం చుట్లు వేసి ముగించింది. "ఇదే చేయలేని మనిషిని ప్రిన్సిపల్ డాన్సర్ (కంపెనీలో పై మెట్టు నర్తకి) ఎలా చేశారు?" అని వీడియో పెట్టినవారి ప్రశ్న. కింద చాలామంది అవునవునన్నారు. ఆ మాటలు చదివి నాకు నిజంగా బాధేసింది, అందుకే విడిగా రాస్తున్నాను.

నేను చెప్పేది ఒకటే. పోటీల క్లిప్పులు చూసి చూసి మనం నాట్యాన్ని లెక్కపెట్టడం అలవాటు చేసుకున్నాం. నేర్చుకునే పిల్లలకు పోటీ ఉండాల్సిందే. కానీ అక్కడ మార్కులు వేసే కొలతను తెచ్చి, మూడు గంటల కథను భుజాన మోస్తున్న కళాకారిణికి పెట్టడం అన్యాయం.

అసలు ఆ 32 ఎలా వచ్చాయో చూడండి. 1895లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పెటిపా, ఇవనోవ్ అనే నృత్య దర్శకులు కలిసి స్వాన్ లేక్‌ను మళ్ళీ కూర్చారు. నాయిక ఇటలీ నుంచి వచ్చిన పియెరీనా లెన్యానీ. అంతకు రెండేళ్ళ ముందే సిండరెల్లాలో ఆ చుట్లు తిరిగి జనాన్ని నోరెళ్ళబెట్టేలా చేసింది. ఆమెకు బాగా వచ్చిన విద్య కాబట్టి ఇందులోనూ పెట్టారు. పెట్టిన చోటు మాత్రం అద్భుతం. ఒడీల్ మాంత్రికుడి కూతురు. శాపంతో హంసగా మారిన నాయిక ఒడెట్ రూపంలో వచ్చి, ఆమెను ప్రేమించిన రాకుమారుణ్ణి మోసం చేయాలి. ఒక కాలి మునివేళ్ళ మీద నిలబడి, రెండో కాలిని కొరడాలా విసురుతూ ఆగకుండా తిరుగుతుంటే అతని బుద్ధి పనిచేయడం మానేయాలి, ఆ మైకంలోనే ఈమెనే పెళ్ళాడతానని ప్రమాణం చేసేయాలి. మనం చూడాల్సింది ఆ మైకం కమ్మిందా లేదా అని.

రష్యా నర్తకి మాయా ప్లిసెత్స్కాయా ఆ పాత్రను దాదాపు 30 ఏళ్ళు చేసింది. ఫ్వెటేల బదులు వేదిక చుట్టూ సుడిగాలిలా తిరుగుతూ చుట్టి వచ్చేది. ఆమె ఒడీల్‌ను తక్కువ ఒడీల్ అన్నవాళ్ళను నేను చూడలేదు.

కావలి కుర్రాడు

అన్నా, మీ మాట మీద గౌరవం ఉంది కానీ నేను ఒప్పుకోను. ప్లిసెత్స్కాయా పేరు చెప్పి అందరినీ వదిలేయలేం. ఆమె ముందే నిర్ణయించుకుని వేరే అంశం పెట్టుకుంది, అదీ కష్టమైనదే. 32 చేస్తానని మొదలుపెట్టి మధ్యలో మార్చడం వేరు. పాటకచేరీలో పల్లవి ఎత్తుకుని తాళం తప్పితే భావం బాగుందిలే అని ఊరుకుంటామా?

ఇంకో సంగతి. లెక్క ఉన్నచోట పక్షపాతం తగ్గుతుంది. మన దగ్గర పిల్లల పోటీలు చూశాను. స్టేజీ ఎక్కిన పిల్ల ఎవరి శిష్యురాలో చూసి మార్కులు వేసే జడ్జీలు ఉన్నారు. అడిగితే "భావం లేదండీ" అంటారు. ఆ మాటకు ఎదురేముంది చెప్పండి? చుట్టు పూర్తయిందా లేదా, కాలు జారిందా లేదా అన్నది అందరికీ కనబడుతుంది. డబ్బూ పలుకుబడీ లేని పిల్లకు అదే దిక్కు.

ఒంగోలు అమ్మ

తమ్ముడు చెప్పిన రెండో మాటే నాదీ. మా పాప కూచిపూడి నేర్చుకుంటోంది. కానీ మనసంతా బ్యాలే మీదే. ఒంగోలులో నేర్పేవాళ్ళు నాకు దొరకలేదు, పాయింట్ షూస్ (మునివేళ్ళ మీద నిలబడే బూట్లు) కొనాలన్నా ఆన్‌లైన్‌లో కొలతలు చూసి భయంభయంగా తెప్పించుకోవాలి. మాలాంటి చోట్ల నుంచి వచ్చే పిల్లను ఎవరు చూస్తారు? పోటీ అయితే చూస్తుంది.

క్యూబా నర్తకుడు కార్లోస్ అకోస్టా తండ్రి హవానాలో లారీ డ్రైవర్. 1990లో, పదహారేళ్ళ వయసులో స్విట్జర్లాండ్‌లో జరిగే లోజాన్ బ్యాలే పోటీలో బంగారు పతకం గెలిచాడు. తర్వాత లండన్ రాయల్ బ్యాలేలో పెద్ద తార అయ్యాడు, ఇప్పుడు బర్మింగ్‌హామ్ రాయల్ బ్యాలేను నడుపుతున్నాడు. కొరియా అమ్మాయి పార్క్ సే-ఉన్ 2007లో అదే పోటీ గెలిచింది. 2021లో పారిస్ ఒపేరాలో ఎత్వాల్ అయింది, అంటే అక్కడి అత్యున్నత స్థానం. ఆసియా నుంచి ఆ స్థానానికి చేరిన మొదటి మనిషి ఆమే. 2025లో పార్క్ యున్-జే అనే పదహారేళ్ళ కొరియా కుర్రాడు మొదటి బహుమతి కొట్టాడు, వాళ్ళ దేశం మగపిల్లల్లో అదే మొదటిసారి. ఒక తరం అక్క గెలిస్తే తర్వాతి తరం తమ్ముడికి దారి దొరికింది.

బ్యాలే నర్తకి మికేలా డిప్రిన్స్‌ను తలుచుకుంటే నాకు కళ్ళు చెమరుస్తాయి. సియెర్రా లియోన్ యుద్ధంలో తల్లినీ తండ్రినీ పోగొట్టుకున్న పిల్ల. అమెరికాలో పెంపుడు ఇంట్లో పెరిగి, యూత్ అమెరికా గ్రాండ్ ప్రి పోటీలో స్కాలర్‌షిప్ తెచ్చుకుని పైకి వచ్చింది. 2024లో 29 ఏళ్ళకే పోయింది. ఆ పోటీ లేకపోతే ఆమె నాట్యం మన దాకా వచ్చేదా?

మన ముంబై పిల్లాడు అమీరుద్దీన్ షా 2017లో లండన్ రాయల్ బ్యాలే స్కూల్‌కు వెళ్ళాడు. అతనికి యెహుదా మావోర్ లాంటి గురువు దొరికాడు. అందరికీ అలాంటి గురువు దొరకడు కదా పెన్నాగట్టు గారూ.

గజ్జెలమూట (కందుకూరు)

నేను కూచిపూడి నేర్పుతాను. బ్యాలే గురించి నాకు తెలిసింది చూసి తెలుసుకున్నదే కాబట్టి మన వైపు సంగతి చెప్తాను.

ఈమధ్య పిల్లలను చేర్చడానికి వచ్చే తల్లిదండ్రులు మొదట అడిగే మాట, "పళ్ళెం ఎప్పుడు ఎక్కిస్తారండీ?" అడవులు (మొదట నేర్పే అడుగులు) సరిగా రాకముందే ఈ ప్రశ్న. తరంగంలో పళ్ళెం అంచుల మీద నిలబడి కదలడం గొప్ప విద్యే. కానీ దానికి ముందు కృష్ణుడి లీలలు అభినయించాలి, వెన్న దొంగిలించిన పిల్లవాడు కళ్ళలో కనబడాలి. పోటీలో ఇచ్చేది ఐదారు నిమిషాలు. ఏం చేస్తారు? అభినయం కత్తిరించి పళ్ళెం ఉంచుతారు, తల మీద చెంబు పెడతారు, చప్పట్లు మోగుతాయి. ఆ పిల్ల పెద్దయ్యాక పూర్తి తరంగం చేయమంటే లీలల దగ్గర చూపు ఎక్కడ పెట్టాలో తెలియక ఖాళీగా నిలబడుతుంది. నా దగ్గరకు అలా వచ్చిన వాళ్ళున్నారు.

వేదాంతం సత్యనారాయణ శర్మ గారు సత్యభామగా వస్తుంటే జనం ఏం లెక్కపెట్టారు? తెర మీద జడ పడితే చాలు, సభ సభంతా ఆమె గర్వానికి తలవంచేది. మగవాడు ఆడవేషం కట్టాడన్న సంగతి కూడా గుర్తుండేది కాదని పెద్దలు ఇప్పటికీ చెప్తారు. దానికి ఏ జడ్జీ ఎన్ని మార్కులు వేస్తాడు?

కావలి తమ్ముడూ, పక్షపాతం గురించి నువ్వన్నది నిజమే, నేనూ చూశాను. కానీ జడ్జీ మంచివాడు కాకపోతే మంచి జడ్జీని తేవాలి. నాట్యంలోంచి కొలవలేనిదంతా తీసేయడం మందు కాదు.

పెన్నాగట్టు (నెల్లూరు)

గజ్జెలమూట గారు నేను రాయాల్సింది నాకంటే బాగా రాశారు.

ఒంగోలు అమ్మ గారూ, పోటీలు వద్దని నేను అనలేదు. మీరు చెప్పిన లోజాన్‌నే తీసుకుందాం. 1973లో మొదలైంది, 15 నుంచి 18 ఏళ్ళ పిల్లలకు. అక్కడ పిల్లలు దాదాపు వారం రోజులు క్లాసులు చేస్తారు, జడ్జీలు ఆ క్లాసులు కూడా చూసి మార్కులు వేస్తారు. దిద్దుబాటు చెప్తే పిల్ల ఎలా అందుకుంటుందో చూస్తారు. ఒక క్లాసికల్ అంశం, ఒక సమకాలీన అంశం చేయాలి, రెండూ నిర్వాహకులు ఇచ్చిన జాబితాలోంచే. తనకు బాగా వచ్చిన గారడీ తెచ్చి చూపించడానికి లేదు. గెలిచినవాళ్ళకు ఇచ్చేది పేరున్న స్కూల్లోనో కంపెనీలోనో ఒక ఏడాది నేర్చుకునే అవకాశం. అంటే ఈ పిల్ల రేపు ఏమవుతుంది అన్నది అక్కడి ప్రశ్న.

మన ఫోన్లలో తిరిగే క్లిప్పులు ఇలాంటివా? పదేళ్ళ పిల్ల కాలు తల మీదికి లేపి కంజీరను తన్నే ముక్క, ఎస్మెరాల్డా అనే బ్యాలేలోది. ఎముకలు ఇంకా గట్టిపడని వయసు. కింద లక్షల చూపులు, "వావ్" అని కామెంట్లు. ఆ పిల్లకు ఎస్మెరాల్డా ఎవరో, ఆ క్షణంలో ఆమె గుండెల్లో ఏముందో ఎవరైనా చెప్పారా? ఇవి చూసి పెరిగిన ప్రేక్షకుడే కోప్లాండ్ వీడియో కింద కామెంట్ పెడుతున్నాడు.

కావలి తమ్ముడూ, కోప్లాండ్ ఆ విమర్శను దాచలేదు. తనే ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టి, తాను ఎప్పటికీ నేర్చుకుంటూనే ఉంటానని జవాబిచ్చింది. 2015లో ఆ కంపెనీ చరిత్రలో మొదటి నల్లజాతి మహిళా ప్రిన్సిపల్ అయిన మనిషి, 2025 అక్టోబరులో వేదిక దిగింది. ఇన్నేళ్ళ పనిని ఒక్క నిమిషం వీడియోతో తూచడం నాకు సబబనిపించదు.

ఇంకొకటి. రష్యా నర్తకి నటాలియా ఒసిపోవాకు 2005 మాస్కో పోటీలో వచ్చింది మూడో బహుమతి. ఇవాళ ప్రపంచమంతా ఎవరి పేరు తలుచుకుంటోంది?

కావలి కుర్రాడు

ఒసిపోవా పేరు మీరే తెచ్చారు కాబట్టి అడుగుతున్నా. ఆమెను జనం ఎందుకు గుర్తుపట్టారన్నా? ఆ గెంతు చూసి. గాలిలో ఆగినట్టుండే ఆ ఎత్తు చూసి. అది టెక్నిక్ కాదా? అది లేకుండా ఆమె భావం ఎంత ఉన్నా మాస్కో బొల్షోయ్ కంపెనీలో ఎక్కడో వెనక వరుసలో ఉండేది. మీరు టెక్నిక్‌ను చిన్నది చేసి మాట్లాడుతున్నారని నాకనిపిస్తోంది. పాయింట్ షూలో రక్తం కారేదాకా సాధన చేసిన పిల్లకు "చుట్లదేముందిలే" అంటే ఎలా ఉంటుంది?

పెన్నాగట్టు (నెల్లూరు)

లేదు తమ్ముడూ, చిన్నది చేయడం లేదు. టెక్నిక్ లేని భావం కూడా నాకు అక్కర్లేదు. ఒసిపోవా గెంతే తీసుకో. జిసెల్ అనే బ్యాలే రెండో అంకంలో ఆమె చనిపోయిన పిల్ల ఆత్మ. బరువు లేనట్టు గాలిలోకి లేస్తుంటే ఈమె ఇక నేల మీది మనిషి కాదని నీకు ఒళ్ళు గగుర్పొడుస్తుంది. అదే గెంతు పోటీలో ఒక ముక్కగా చూస్తే "ఎంత ఎత్తు!" అంటావు, అంతే. ఎత్తు ఒకటే, అర్థం వేరు. ఆ అర్థం చూడ్డం మనం మర్చిపోతున్నామనే నా బాధంతా.

కావలి కుర్రాడు

ఇది కొంత ఒప్పుకుంటా. కానీ మధ్యలో ఆపేస్తే నేను మాత్రం గమనిస్తూనే ఉంటా అన్నా. గమనించే హక్కు నాకుంది.

ఒంగోలు అమ్మ

మీ వాదన మీరు చేసుకోండి కానీ నాకొక సాయం చేయండి. మా పాప రోజూ ఆ చుట్ల క్లిప్పులే చూస్తోంది. ఏం చూపించమంటారు?

పెన్నాగట్టు (నెల్లూరు)

రాయల్ బ్యాలే వాళ్ళ జిసెల్ రికార్డింగులు రెండున్నాయమ్మా. 2014లో ఒసిపోవా, అకోస్టా చేసింది ఒకటి. 2016లో మరియనెలా నూన్యెజ్, వదిమ్ ముంతగిరోవ్ చేసింది ఇంకొకటి. రెండూ పీటర్ రైట్ కూర్పే, అడుగులు దాదాపు అవే. మొదటి అంకం చివర జిసెల్‌కు మతి చెదిరే ఘట్టం రెండింటిలోనూ పక్కపక్కన చూపించండి. అక్కడ చుట్లు లేవు, గెంతులు లేవు. ఒసిపోవా జిసెల్ ఒకలా విరిగిపోతుంది, నూన్యెజ్ జిసెల్ ఇంకోలా. ఏది ఎందుకు నచ్చిందో పాపనే చెప్పమనండి, మీరు ముందుగా ఏమీ చెప్పొద్దు.

జనవరి చివర, ఫిబ్రవరి మొదట్లో లోజాన్ పోటీ ఇంటర్నెట్‌లో ప్రత్యక్షంగా వస్తుంది. వాళ్ళ గడియారం మనకంటే నాలుగున్నర గంటలు వెనక, కాబట్టి స్కూల్ నుంచి వచ్చాక చూడొచ్చు. ఫైనల్ కంటే ముందు క్లాసుల ప్రసారం పెట్టండి. గురువు ఒక మాట చెప్పగానే పిల్లల వీపు, మెడ ఎలా మారతాయో చూడమనండి. అది కూచిపూడి క్లాసులోనూ పనికొస్తుంది.