సమస్య: కుక్క పేరు పెట్టఁ గోట వెలసె

నిర్వాహకురాలు:
మా ఇంటికి రెండు నెలల కుక్కపిల్ల వచ్చింది. టామీ, జిమ్మీ వద్దట. పాత గ్రీకు, రోమను కథల్లోంచి పేరు కావాలని మనవరాలు పట్టుబట్టింది. వెతుకుతుంటే ఈ పాదం దానంతటదే నోటికొచ్చింది. ఇదే చివరి పాదంగా పద్యం పూరించి, కోట ఎలా వెలసిందో మీరే చెప్పండి. పనిలో పనిగా ఒక పేరు కూడా.

నల్లేరు:
పెరిట యనెడు కుక్క ప్రేమగాఁ బెరుగంగ
మరణమొంద రాజు మనసు కలఁగి
దాని పేర నూరు ధరఁ గట్టఁ దలపోసి
కుక్క పేరు పెట్టఁ గోట వెలసె

అలెగ్జాండర్ పెంచుకున్న కుక్క పెరిటాస్. అది పోతే దాని పేరున ఊరు కట్టించాడని చెప్పుకుంటారని ప్రాచీన గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు.

పాతపలక:
రెండో పాదం దగ్గర నిజంగా ఆగాను. నల్లేరు గారి పద్యాల్లో ఇంత తేలికైన నడక ఈమధ్య చూడలేదు. కానీ పెరిటాస్‌ను ‘పెరిట’ చేశారు, వినగానే పెరటి కుక్క అనిపిస్తోంది. పైగా మూడో పాదంలో ఊరు వచ్చేశాక నాలుగో పాదంలో కోటకు పనేముంది?

నల్లేరు:
పేరు కోశానని మీరా అనేది? పోయిన నెల గుర్రం సమస్యలో అలెగ్జాండర్ గుర్రం బ్యుసెఫలస్‌ను ‘బూసె’ అన్నది మీరే కదండీ. ఎద్దు తల అని అర్థమున్న పేరది. క్రీ.పూ. 326లో జీలం నది ఒడ్డున ఒక ఊరికే పెట్టిన పేరు. దాన్ని రెండక్షరాలు చేస్తే అందరూ శభాష్ అన్నారు. నేనూ అన్నాను.

పాతపలక:
అన్నారు, కాదనను. అక్కడ ‘బూసె’ అని పిలిచింది గుర్రాన్ని మచ్చిక చేస్తున్న కుర్రవాడు. అది ముద్దుపేరు. ఇక్కడ పలికేది కవి. ఆ తేడా నాకు ముఖ్యం.

చినుకు:
పలుక సులువు గానుఁ బదముండవలెనని
వేటకాఁడు చెప్పె వింటిరయ్య
చిన్న పేరుతోడఁ బిలిచిన వచ్చురా
కుక్క పేరు పెట్టఁ గోట వెలసె

వేటకాడంటే ప్రాచీన గ్రీకు రచయిత జెనొఫన్. వేట మీద రాసిన పుస్తకంలో కుక్కలకు 47 పేర్లు ఇచ్చాడు. పిలవడానికి వీలుగా పేరు పొట్టిగా ఉండాలన్నాడు. ఖారా అంటే సంతోషం, ఆక్టిస్ అంటే కిరణం, ఫైలాక్స్ అంటే కావలివాడు. ఫైలాక్స్ అని పెడితే ఇంటికి కోట కట్టినట్టే కదా అని నా ఊహ.

గుండుసూది:
అమ్మా చినుకూ, మూడో పాదంలో యతి తప్పింది. పాదం మొదటి అక్షరానికి జత కుదరాల్సిన చోట ‘చి’కి ‘బి’ వేశావు. ‘చిన్న పేరు పిలువఁ జేరును వేగమె’ అంటే సరిపోతుంది. అసలు లోటు వేరే ఉంది. కావలివాడు నీ వివరణలో ఉన్నాడు, పద్యంలో లేడు. వాడు లేకపోతే కోట గాల్లో నిలబడింది. ఆ 47 పేర్ల సంగతి మాత్రం చాలా బాగుంది, ఇంకా రాయి.

చినుకు:
యతి చూసుకోలేదండీ, దిద్దుకుంటాను. కావలివాణ్ణి పద్యంలోకి తెచ్చి మళ్లీ పెడతాను.

పాతపలక:
ఇరువదేండ్ల కైన నెఱిఁగిన యార్గసు
కథను వినిన చిన్ని గడుసు పిల్ల
యిసుక మీద వ్రాసె నిదె చాలు నని పల్కి
కుక్క పేరు పెట్టఁ గోట వెలసె

నా కోట కోట కాదు, గోరు. గోట వెలసె, అంటే గోటితో రాస్తే పేరు వెలసింది.

చినుకు:
ఆర్గస్ అంటే ఒళ్లంతా కళ్లున్న కాపలాదారు కాదాండీ? నెమలి పింఛంలోకి చేరాయంటారే, ఆ కళ్లు.

పాతపలక:
ఆయన వేరు. ఉత్తరకాండలో ఇంద్రుడు నెమలికి కళ్లిచ్చిన కథ లాంటిదే అదీ. ఈ ఆర్గస్ గ్రీకు కావ్యం ఒడిస్సీలో నాయకుడు ఒడిస్యూస్ కుక్క. ట్రాయ్ యుద్ధానికి వెళ్లకముందు ఆయన చేతుల్లో పెరిగింది. ఇరవై ఏళ్లకు ఆయన బిచ్చగాడి వేషంలో వస్తే, పేడకుప్ప మీద గోమార్లతో పడి ఉన్న ఆ ముసలి కుక్క గుర్తుపట్టింది. లేవలేక తోక ఊపి చెవులు వాల్చింది. ఆయన ఎవరికీ కనబడకుండా కన్నీరు తుడుచుకుని లోపలికి వెళ్లాడు. దాని ప్రాణం పోయింది.

నల్లేరు:
గోరు విరుపు నాకు తట్టనందుకు బాధగా ఉంది, అంత బాగుంది. కానీ ఇచ్చిన పాదంలో ‘పెట్టఁ’ చివర అరసున్న (ఁ) ఉంది. సంధిలో తర్వాతి మాట మొదటి ‘క’ ‘గ’గా మారినచోట అది వస్తుంది. గోరులో గ పుట్టుకతోనే ఉంది. కాబట్టి అరసున్న ఉన్నంతకాలం అది కోటే.

పాతపలక:
చెవికి రెండూ ఒకటే. అవధానంలో అడిగితే అరసున్న ఎవరికి వినబడుతుంది?

గుండుసూది:
ఇక్కడ రాసి ఇచ్చారు కదా. నల్లేరు గారి పక్షం నేను.

నిర్వాహకురాలు:
కోట అనుకునే అరసున్న పెట్టాను. వ్యాకరణం నల్లేరు గారిదే. అయినా గోటి విరుపును ఒప్పుకుంటున్నాను, ‘పెట్ట’ అని చదువుకుందాం. మనవరాలికి ఆర్గస్ కథ చదివి వినిపిస్తే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత కుక్కపిల్లను అదే పేరుతో పిలిచింది.

నల్లేరు:
అయితే ఆ ‘గడుసు’ తీసేయండి పాతపలక గారూ, యతి కోసం తప్ప దానికి పనిలేదు.
కథను వినిన పాప కనులు దుడిచి
అనండి.

పాతపలక:
తీసుకున్నాను. ఆ పాదం కింద మీ పేరే రాస్తాను.