బ్లెన్నర్‌హాసెట్: ఇది కెల్టిక్ కమతం పేరేనా?

ఈడెన్‌గట్టు: ఇంగ్లండ్ కంబ్రియాలో, ఎల్లెన్ నది పక్కన బ్లెన్నర్‌హాసెట్ అనే ఊరుంది. మొదట అదొక పాత కెల్టిక్ కమతం పేరని, అంటే ఇంగ్లిష్‌కి ముందు అక్కడున్న భాష మాట్లాడేవాళ్లు పెట్టిందని నా వాదన. 'బ్లైన్' అంటే కొండకొస, 'ట్రెవ్' అంటే రైతు ఇల్లు, కమతం. రెండూ కలిసి అరిగిపోయి 'బ్లెన్నర్' అయ్యాయి. కంబ్రియాలోనే బ్లెన్‌కోగో అనే ఊరు, బ్లెన్‌కాథ్రా అనే కొండ ఉన్నాయి.

పాతరికార్డు: వెనక సగం 'హాసెట్' వదిలేశారే! 'హే' ఎండుగడ్డి, 'సేటర్' వేసవిలో పశువుల్ని మేపే మకాం. రెండూ నార్స్ మాటలు, అంటే స్కాండినేవియా నుంచి వచ్చిన వైకింగుల భాషవి. పైగా ఇంగ్లండ్ రాజు 1086లో చేయించిన డూమ్స్‌డే భూముల సర్వే ఆ ప్రాంతంలో చాలా భాగానికి చేరనేలేదు. 'ట్రెవ్' ఎక్కడ కనిపించింది మీకు?

ఈడెన్‌గట్టు: 1188 నాటి రాతలోనే 'ర' ఉంది. ఉత్త 'బ్లైన్' అయితే 'బ్లెన్‌హాసెట్' అయ్యేది. ఆ 'ర' ఎక్కడి నుంచి వచ్చింది?

కృష్ణాతీరం: లాంకషైర్‌లో పెండిల్ హిల్ కూడా ఇలాంటిదే. 'పెన్' అంటే కెల్టిక్‌లో కొండ, వెనక ఇంగ్లిష్ 'హిల్' చేరింది.

పాతరికార్డు: ఒక్క అక్షరం మీద చరిత్ర కట్టకండి. ఓ ఆఫీసులో గుమాస్తా మా ఇంటిపేరులో లేని అక్షరం చేర్చాడు. వీసా వచ్చేదాకా ఇంటిల్లిపాదికీ టెన్షనే. రాసేవాడు తనకు వినిపించింది రాస్తాడు.

హరిణి: మీ వీసాకీ 12వ శతాబ్దానికీ సంబంధం ఏమిటండీ?

పాతరికార్డు: అనుభవించినవాళ్లకి తెలుస్తుంది.

ఈడెన్‌గట్టు: మీ పేచీ 'ర' గురించి కాదు. నార్స్ వాళ్లు వచ్చేసరికి అక్కడ కెల్టులెవరూ మిగల్లేదని మీ నమ్మకం. అది సూటిగా చెప్పండి.

పాతరికార్డు: చెబుతున్నా. పేరు మిగిలితే మనుషులు మిగిలినట్టా? డెర్వెంట్ నది పేరు కెల్టిక్, ఒడ్డున మాట్లాడేది ఇంగ్లిష్. పైగా 10వ శతాబ్దంలో ఉత్తరాన, ఇప్పటి స్కాట్లండ్‌లో ఉన్న స్ట్రాత్‌క్లైడ్ రాజ్యం దక్షిణానికి పెరిగింది. ఈ 'బ్లెన్' పేర్లు అప్పుడు కొత్తగా వచ్చినవాళ్లు పెట్టినవి కావచ్చు. పాతవాళ్లు అక్కడే నిలిచారనడానికి అవి సాక్ష్యం కావు.

ఈడెన్‌గట్టు: పెద్ద నది పేరు దూరంవాళ్లకీ తెలుస్తుంది. ఒక రైతు కమతం పేరు పక్కవాడు నోటితో చెబితేనే తెలుస్తుంది. నార్స్ మాట ఆ పేరు వెనక చేరిందంటే, చెప్పేవాడూ వినేవాడూ ఒకే చోట ఉన్నట్టే. స్ట్రాత్‌క్లైడ్ నుంచి వచ్చినా వాళ్లూ కెల్టిక్ మాట్లాడేవాళ్లే కదా.

పాతరికార్డు: అయితే 'పాత' అనే మాట తీసేయండి. 'కెల్టిక్' వరకు ఒప్పుకుంటా.

ఈడెన్‌గట్టు: తియ్యను. అసలు గొడవ దాని మీదే.